పగిలితే నొప్పి వస్తుందట!

రొమ్ము ఇంప్లాంట్ల మీద, అంటే ఆకారం కోసం రొమ్ములో పెట్టే సిలికాన్ సంచుల మీద, ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ నెలలో ఇది ఐదోసారి. మొదట మా పెద్దమ్మ కూతురు పంపింది. తర్వాత కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల గ్రూపులో రెండుసార్లు. నిన్న పొద్దున్నే, నేనింకా కాఫీ కూడా తాగకముందు, నాతోపాటు కీమో ఎక్కించుకున్న ఆవిడ పంపింది. "వదినా, మనిద్దరికీ ఉన్నాయిగా, జాగ్రత్త" అని కింద ఓ దణ్ణం బొమ్మ. మిగతావాళ్లు పంపినప్పుడు చూసి ఊరుకున్నాను. ఆవిడ పంపేసరికి ఊరుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే ఆవిడ దాన్ని నమ్మింది.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. రొమ్ములో పెట్టిన సిలికాన్ ఇంప్లాంట్ విమానం ఎక్కితే పేలిపోతుంది. పాలిస్తే సిలికాన్ బిడ్డ ఒంట్లోకి పోతుంది. పదేళ్లకు దాని గడువు తీరిపోతుంది. పగిలితే రక్తంలో కలిసి విషమై 48 గంటల్లో ప్రాణం తీస్తుంది, బతికితే క్యాన్సర్ తెస్తుంది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మెషీన్ నొక్కుడుకు పగిలిపోతుంది కాబట్టి ఆ పరీక్ష జోలికి పోవద్దు. పగిలితే భరించలేని నొప్పి వస్తుంది, నొప్పి లేనివాళ్లు స్కాన్‌లకు డబ్బు తగలేసుకోవద్దు. అనుమానంగా ఉంటే వేడి ఆముదం రాసి గట్టిగా మర్దనా చేస్తే అంతా కరిగి చెమటలో పోతుంది. చివర్లో మామూలే, పదిమందికి పంపి ఒక ప్రాణం నిలబెట్టండి.

విమానం సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. మనం కూర్చునే చోట గాలి ఒత్తిడి మహా అయితే ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. ఊటీ వెళ్లి దొడ్డబెట్ట ఎక్కితే అంతకంటే ఎత్తు. నేను ఇంప్లాంట్‌తో డాలస్ రెండుసార్లు వెళ్లొచ్చాను. పగిలింది సూట్‌కేసులో ఆవకాయ సీసా ఒక్కటే.

పాల సంగతి ఇంకా తేలిక. 1998లో కెనడాలో ఇంప్లాంట్లు ఉన్న తల్లుల పాలు, లేని తల్లుల పాలు పక్కపక్కన పెట్టి కొలిచారు. ఇంప్లాంట్‌లోని సిలికాన్ (silicone) జాడ తెలిపే సిలికాన్ (silicon) మూలకం రెంటిలోనూ దాదాపు ఒకేలా ఉంది. ఆవుపాలలో అంతకు పది రెట్లు పైనే ఉంది, డబ్బా పాలలో ఇంకా ఎక్కువ. ఈ లెక్కన ముందు ఆవు మీద ఫార్వర్డ్ రాయాలి.

పదేళ్ల గడువా? మాత్రల స్ట్రిప్పు మీద ఉన్నట్టు ఒంట్లో పెట్టిన ఇంప్లాంట్‌కు ఎక్స్‌పైరీ ఏమీ ఉండదు. పన్నెండేళ్లయినా చెక్కుచెదరనివి ఉంటాయి, నాలుగేళ్లకే చిరిగేవీ ఉంటాయి. అలాగని జీవితాంతం వచ్చే వస్తువూ కాదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పేదాని ప్రకారం, అందం కోసం పెట్టించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి పదేళ్లలోపు తీసేయాల్సి వస్తుంది. మాలాగా క్యాన్సర్ తర్వాత పెట్టించుకున్నవాళ్లలో అది సగందాకా పోవచ్చు. అన్నీ పగలడం వల్లేననుకోకండి. చుట్టూ గట్టిపడటం, ఆకారం మారడం, ఇన్‌ఫెక్షన్, ఇలా చాలా కారణాలుంటాయి.

విషం మాటకొద్దాం. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ ఉండేది. వైద్యానికి అనుమతి ఉన్న సిలికాన్‌కు బదులు ఫ్యాక్టరీల్లో వాడే చవక రకం సిలికాన్ నింపి దేశదేశాలకూ అమ్మింది. 2010లో దొరికిపోయింది. 2011 డిసెంబరులో ఫ్రాన్స్ ప్రభుత్వం సుమారు 30,000 మంది ఆడవాళ్లకు వాటిని తీయించుకోమని చెప్పింది. యజమానికి 2013లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. అవి మిగతావాటికంటే ఎక్కువగా పగిలాయి, ఆ ఆడవాళ్లు నరకం చూశారు. కానీ ఆ దొంగ సరుకు పగిలినవాళ్లు కూడా 48 గంటల్లో పోలేదు. దాంతో విషమెక్కినట్టు గానీ, క్యాన్సర్ వచ్చినట్టు గానీ బ్రిటన్ ప్రభుత్వం వేయించిన కమిటీకి ఆధారం దొరకలేదు. నా సంగతీ చెబుతాను: నాది పగిలిందని తెలిశాక రెండు నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నాను. మధ్యలో మేనకోడలి పెళ్లి ఉంది. గాజులేసుకుని, పట్టుచీర కట్టుకుని, అప్పగింతల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. ఏడ్చింది విషమెక్కి కాదు.

క్యాన్సర్ ముక్కకు మాత్రం ఒక తోక ఉంది. పగలడానికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం లేదు. అయితే పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్ల చుట్టూ చాలా అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే రక్షణ కణాల్లో పుట్టే క్యాన్సర్, వస్తుందని తేలింది. అందుకే 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాచి నీరు పడితే అది పగులు అయినా కాకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

మామోగ్రామ్ మాట మొత్తం అబద్ధమని రాద్దామనే కూర్చున్నాను. రాయలేను. పరీక్షలో నొక్కినప్పుడు పగిలిన సందర్భాలు అమెరికాలో నమోదయ్యాయి, కొద్దే అయినా. కానీ దానికి మందు పరీక్ష మానేయడమా? "నాకు ఇంప్లాంట్ ఉందండీ" అని టెక్నీషియన్‌కు ముందే చెప్పడం. చెబితే ఆ అమ్మాయి ఇంప్లాంట్‌ను వెనక్కి ఛాతీ వైపు నెట్టి, రొమ్మును ముందుకు లాగి పట్టుకుని ఫొటో తీస్తుంది. మామూలుగా ఒక్కోవైపు రెండు ఫొటోలైతే, ఇలా నాలుగు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలకు భయపడి మానేస్తే, మాలాంటి వాళ్లకు మిగిలిన రెండో రొమ్ము సంగతి ఎవరు చూస్తారు? ఫార్వర్డ్ రాసినాయన వచ్చి చూస్తాడా?

ఇక అసలు పాయింటు, నొప్పి.

నాకు 2013లో కుడి రొమ్ము తీసేసి, అదే ఆపరేషన్‌లో ఇంప్లాంట్ పెట్టారు. 2022లో ఎడమవైపు మామోగ్రామ్‌లో ఏదో మచ్చ కనిపించింది, ఎందుకైనా మంచిదని ఎమ్మారై రాశారు. బోర్లా పడుకుని, ఆ మెషీన్ డబడబా కొడుతుంటే విష్ణు సహస్రనామం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టాను. బయటకొచ్చాక రేడియాలజిస్ట్ లోపలికి పిలిచింది. "ఎడమవైపు ఏమీ లేదమ్మా, హాయిగా ఉండండి. కుడివైపుది పగిలి ఎన్నాళ్లయింది?" అంది.

పగలడమేంటి? నేను ఆ ముందు నెలే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి కొండకు వెళ్లొచ్చాను. పాతిక కిలోల బియ్యం బస్తా లిఫ్ట్ దగ్గర్నుంచి వంటింటిదాకా ఈడ్చుకొచ్చాను. నొప్పి లేదు, వాపు లేదు, ఆకారం అలాగే ఉంది. ఆవిడ తెర తిప్పి చూపించింది. తెల్లటి జెల్ మధ్యలో సన్నటి నల్లగీతలు మెలికలు తిరిగి తేలుతున్నాయి. చిరిగిన ఇంప్లాంట్ తొడుగు మడతలు పడి జెల్‌లో మునిగితే అలా కనిపిస్తుందట. డాక్టర్లు దాన్ని లింగ్విని గుర్తు అంటారని, అది ఇటలీ వాళ్ల నూడుల్స్ పేరని చెప్పింది. మనవాళ్లు కనిపెట్టి ఉంటే సేమ్యా గుర్తు అనేవాళ్లు.

నొప్పి ఎందుకు రాలేదంటే, రావడానికి అక్కడ పెద్దగా కారణమే లేదు. ఇంప్లాంట్ పెట్టగానే ఒళ్లు దాని చుట్టూ తనదైన పొర ఒకటి కట్టుకుంటుంది. లోపల తొడుగు చిరిగినా జెల్ చాలావరకు ఆ పొర దాటదు. ఉప్పునీళ్ల ఇంప్లాంట్ అయితే నీళ్లన్నీ ఒంట్లో ఇంకిపోయి రోజుల్లోనే చప్పబడుతుంది, అద్దం ముందు నిలబడితే తెలిసిపోతుంది. జెల్ అలా కాదు. పాతరకాలు తేనెలా సాగుతాయి, కొత్తవి కోసినా జున్నుముక్కలా నిలబడతాయి. అందుకే దీనికి సైలెంట్ రప్చర్, అంటే చప్పుడు లేని పగులు, అని పేరు. జెల్ ఇంప్లాంట్ల పగుళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. పైగా రొమ్ము తీసేసినచోట స్పర్శే సరిగ్గా ఉండదు. ఇస్త్రీ చేస్తూ పెట్టె అంచు తగిలి కాలితే, మర్నాడు స్నానం చేస్తూ బొబ్బ చూసి తెలుసుకున్నదాన్ని నేను. అలాంటి చోట నొప్పి లేచి వచ్చి కబురు చెబుతుందని తీరిగ్గా ఎదురుచూడాలట!

నొప్పి ఎప్పుడూ రాదని కాదు. కొందరికి వస్తుంది. కొందరికి గడ్డలా తగులుతుంది, ఆకారం మారుతుంది, గట్టిపడుతుంది. అలా ఉంటే ఎన్నో ఏడన్న లెక్క లేకుండా వెంటనే చూపించుకోవాలి. ఏమీ లేనివాళ్ల మాటే ఇక్కడ. సిలికాన్ జెల్ ఉన్నవాళ్లు ఏ బాధా లేకపోయినా పెట్టించుకున్న ఐదారేళ్లకు ఒకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకుని, తర్వాత రెండు మూడేళ్లకోసారి చూపించుకోవాలని ఎఫ్‌డీఏ 2020 నుంచి చెబుతోంది. పగులు పట్టుకోవడంలో ఎమ్మారైదే పైచేయి. పగులు ఒక్కటే చూడాలంటే రంగుమందు ఇంజక్షన్ కూడా అక్కర్లేదు. అల్ట్రాసౌండ్ చవకే గానీ చేసేవాళ్ల చేయి తిరిగి ఉండాలి. మామూలు మామోగ్రామ్‌లో పొర లోపలి పగులు చాలాసార్లు కనబడదు.

మర్దనా గురించి రాయాలంటే ముందు ఓ గ్లాసు మంచినీళ్లు తాగాలి.

తాగాను. వేడి ఆముదమా? స్పర్శ లేని చర్మం మీదా? ఎంత వేడో నీకు తెలిసేలోపు తోలు ఊడొస్తుంది తల్లీ. వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని అలా కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇక గట్టిగా నొక్కడం. అదృష్టం కొద్దీ జెల్ ఆ పొర లోపలే ఉంది, తీసేవాళ్లకు ఒకేచోట దొరుకుతుంది. నువ్వు పిసికితే పొర చిరిగి చుట్టూ కండలోకి పోవచ్చు, చంకలో గ్రంథుల్లోకి చేరవచ్చు. క్యాన్సర్ వచ్చి తగ్గినదానికి చంకలో గడ్డ తగిలితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఈ చిట్కా రాసినవాడికి తెలుసా? మళ్లీ బయాప్సీ, మళ్లీ రిపోర్టు కోసం వారం రోజులు. చెమటలో పోతుందట. సిలికాన్ చెమటలో పోయేదైతే మే నెలలో విజయవాడలో ఎవరికీ ఆపరేషనే అక్కర్లేదు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఈ పిసికే పని ఒకప్పుడు డాక్టర్లే చేశారు. చుట్టూ పొర గట్టిపడితే రెండు చేతులతో పట్టుకుని అది పటుక్కున చిట్లేదాకా నొక్కేవాళ్లు. దాంతో లోపల ఇంప్లాంట్లూ పగులుతున్నాయని తేలాక, ఇలా చేయొద్దని కంపెనీలే రాసి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆపరేషన్ అయిన కొత్తలో కొందరు సర్జన్లు ఇంప్లాంట్‌ను మెల్లగా కదిలించమంటారు, అది వేరు. అది ఆయన చెప్పినట్టు, ఆయన చెప్పినన్నాళ్లే.

మెసేజ్‌లో స్కాన్ ఖర్చు మాట వెక్కిరించను. ఎమ్మారై అందరూ అనుకోగానే చేయించుకోగలిగేది కాదు. నాకూ ఇన్సూరెన్సువాళ్లు పైసా ఇవ్వలేదు. ఇంకోటి ఒప్పుకుంటాను, ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. 2013 నుంచి 2022 దాకా ప్రతి ఆరునెలలకూ ఆసుపత్రి మెట్లెక్కాను. ఇది పగులుతుందని గానీ, ఐదారేళ్లకు చూపించుకోవాలని గానీ ఒక్కరూ నాతో అనలేదు. నేనూ అడగలేదు, ఎలా అడుగుతాను, తెలిస్తే కదా. పగులుతుంది అన్న మాట మొదటిసారి చాలామంది ఆడవాళ్ల చెవిన వేస్తున్నది ఈ దిక్కుమాలిన ఫార్వర్డే.

నిన్న రాత్రి ఇదంతా కుదించి గ్రూపులో పెట్టాను. కింద నా ఇంప్లాంట్ కార్డు ఫొటో కూడా పెట్టాను, కంపెనీ పేరు, రకం, సీరియల్ నంబరు కనిపించేలా. పీఐపీ గొడవప్పుడు తమ ఒంట్లో ఉన్నది ఆ కంపెనీదో కాదో తెలియక తిరిగినవాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ చిన్న కాగితమే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదిన్నరకు నాతో కీమో ఎక్కించుకున్న ఆ వదిన రాసింది: "నాకు అలాంటి కార్డేమీ ఇవ్వలేదే. ఎక్కడుంటుంది?"

కార్డు ఇవ్వకపోతే డిశ్చార్జి ఫైలు తియ్యి వదినా. ఆపరేషన్ నోట్స్ కాగితం మీద బార్‌కోడ్‌తో చిన్న స్టిక్కరు అంటించి ఉండాలి. అక్కడా లేకపోతే ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో ఆపరేషన్ నోట్స్ కాపీ అడుగు. శుక్రవారం నాకు పనేమీ లేదు, నేనూ వస్తాను.