పాలు మానేసినంత మాత్రాన లారాన్ పేషెంట్లం అయిపోం పెద్దమ్మా

మా ఫ్యామిలీ గ్రూపులో పోయిన వారం పెద్దమ్మ ఒక మెసేజ్ పెట్టింది, పైన ఆ రెండు బాణాలు కూడా ఉన్నాయి, అంటే ఇప్పటికే ఊరంతా తిరిగొచ్చిందన్నమాట. విషయం ఏంటంటే, ఈక్వడార్ కొండల్లో మూడున్నర అడుగుల మనుషులున్నారు, వాళ్లకి క్యాన్సర్ రాదు, షుగర్ రాదు, నూరేళ్లు బతుకుతారు, వాళ్లని జ్వి లారాన్ అనే ఇజ్రాయెల్ డాక్టర్ కనిపెట్టాడు, ఒంట్లో గ్రోత్ హార్మోన్ లేకపోవడమే సీక్రెట్, మందుల కంపెనీలు ఇదంతా దాచేశాయి, కాబట్టి పాలు మానెయ్యండి, పిల్లలకి ఎత్తు ఇంజెక్షన్లు వేయించకండి. చివర్లో పది దండాలు.

మామూలుగా అయితే చూసి వదిలేసేదాన్ని. కానీ మా చెల్లెలి కూతురికి గ్రోత్ హార్మోన్ తక్కువుందని తేలి ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి ఇంజెక్షన్ పడుతోంది, ఆ ఇంజెక్షన్ పెన్ను వాళ్లింట్లో ఫ్రిజ్ డోర్‌లో పెరుగు ప్యాకెట్ పక్కనే ఉంటుంది. ఈ మెసేజ్ చదివి మా అమ్మ "పసిదానికి క్యాన్సర్ సూదులు పొడుస్తున్నారా, పొట్టిగా ఉంటే కొంపేం మునిగింది" అని ఒకటే గొడవ, రెండు రోజులు సూది పడలేదు కూడా. అందుకే కూర్చుని ఒక్కో ముక్కకీ సమాధానం రాస్తున్నా.

ముందు ఆ "హార్మోన్ లేకపోవడమే సీక్రెట్" అన్న మాట. అది సరిగ్గా తలకిందులు, పైగా ఆ డాక్టర్ కెరీర్ మొత్తం ఆ తిరకాసు విప్పడం దగ్గరే ఉంది. లారాన్ అంటే పిల్లలకి హార్మోన్ల జబ్బులు చూసే డాక్టర్, ఈ పొట్టితనం జబ్బుకి ఆయన పేరే పెట్టి లారాన్ సిండ్రోమ్ అంటారు. 1958లో ఆయన దగ్గరికి ఒకే ఇంట్లోంచి ముగ్గురు పిల్లలొచ్చారు, యెమెన్ నుంచి వచ్చిన యూదు కుటుంబం, పైతరంలో దగ్గర సంబంధాల పెళ్లిళ్లు (మేనరికాలు మనకి మాత్రం కొత్తా). బాగా పొట్టి, నుదురు ముందుకొచ్చి ముఖం చిన్నదిగా ఉండటం, పల్చటి జుట్టు, రక్తంలో షుగర్ పడిపోవడం, ఏ డాక్టరు చూసినా గ్రోత్ హార్మోన్ లేని కేసే అనుకుంటాడు, ఆయనా అలాగే అనుకున్నాడు. తర్వాత అరవైల్లో రక్తంలో ఆ హార్మోన్ని కొలిచే టెస్ట్ వచ్చాక చేసి చూస్తే, లేకపోవడం సంగతి దేవుడెరుగు, మామూలు పిల్లలకంటే బోలెడు ఎక్కువుంది! 1966లో పేపర్ వేసినప్పుడు ఇది పుట్టుకతో వచ్చే కొత్త లోపమా అని టైటిల్‌లోనే ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు, ఎందుకంటే కారణం అప్పటికి తెలీదు కాబట్టి. నాకైతే ఆయన మీద గౌరవం ఆ ప్రశ్నార్థకం దగ్గరే మొదలైంది.

కారణం దొరకడానికి 1984 దాకా పట్టింది. ఇద్దరు పేషెంట్ల లివర్ ముక్కలు తీసి చూస్తే హార్మోన్ అక్కడ అతుక్కోవట్లేదు. అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, లివర్ దగ్గర సిగ్నలే లేదు, ఇటు ఎత్తట్లేదు కదా అని అటు ఇంకా ఇంకా చేస్తోంది, హార్మోన్ అందుకే అంత ఎక్కువ. లివర్ ఫోన్ ఎత్తితే ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థం తయారవుతుంది, ఎముక పెరగాలంటే ముఖ్యంగా కావాల్సింది అది. లివర్ మీద హార్మోన్ని అందుకునే చోటుని, అంటే ఆ ఫోన్ ఎత్తే చెయ్యిని, రిసెప్టర్ అంటారు, 1989లో ఆ రిసెప్టర్ జీన్‌లోనే లోపాలు దొరికాయి. మొదటి ముగ్గురు పిల్లల్ని చూసిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్లు పైమాటే.

ఈక్వడార్ వాళ్లని లారాన్ కనిపెట్టలేదు. లోహా ప్రాంతంలో అలాంటివాళ్లు దాదాపు వంద మందిని ఏళ్ల తరబడి చూసుకున్నది జైమె గెవారా-అగిర్రే అనే అక్కడి డాక్టర్. రెండు కథలు కలిపి ఒకటి చేసేశారు.

క్యాన్సర్ మాటలో మాత్రం నిజం ఉంది, లేదంటే నేను అబద్ధం చెప్పినట్టే. 2011లో గెవారా టీమ్ ఇచ్చిన లెక్క ప్రకారం 22 ఏళ్లలో ఆ వంద మందిలో ఒక్కరికే క్యాన్సర్ వచ్చింది, అదీ ప్రాణం తియ్యలేదు, అదే వాళ్ల మామూలు ఎత్తున్న బంధువుల్లో 17 శాతం మందికి వచ్చింది. లారాన్ టీమ్ వేరే దేశాల పేషెంట్లని కూడా కలిపి చూసినా ఈ జబ్బున్నవాళ్లలో క్యాన్సర్ కనబడలేదు. నిజంగా పెద్ద విషయమే. కానీ వాళ్లకి ఆ రిసెప్టర్ కడుపులో పడ్డప్పటి నుంచే పనిచెయ్యదు, అది యాభై ఏళ్లకి మనం మెనూ మార్చితే వచ్చేది కాదు.

షుగర్ దగ్గర మెసేజ్ సగమే చెప్పింది. ఈక్వడార్‌లో ఎవరికీ లేదు, కరెక్టే. ఇజ్రాయెల్‌లో లారాన్ సొంత పేషెంట్లలో మాత్రం పెద్దయ్యాక కొందరికి షుగర్ వచ్చింది, ఆ సంగతి ఆయనే రాశారు. ఒకే జబ్బు, రెండు చోట్ల రెండు రకాలు, ఇది ఫార్వర్డ్‌లో ఎవడు పెడతాడు.

నూరేళ్లు బతకడం ఎలుకల సంగతి. ఆ రిసెప్టర్ లేకుండా పుట్టించిన ఎలుకలు నిజంగానే ఎక్కువ కాలం బతికాయి, మనుషుల్లో అలా తేలలేదు. ఈక్వడార్‌లో వాళ్లు ఎక్కువగా పోయింది యాక్సిడెంట్లు, తాగుడు, ఫిట్స్ లాంటి వాటితో. క్యాన్సర్ రాలేదు గానీ బతుకు సుఖంగా ఏం లేదు. ట్రీట్‌మెంట్ లేకపోతే ఆడవాళ్లు 108 నుంచి 136 సెంటీమీటర్లు, మగవాళ్లు 116 నుంచి 142 దాకా, అంతే ఎత్తు. బస్సు మెట్టు, బ్యాంకు కౌంటరు, ఇంట్లో స్విచ్ బోర్డు, అన్నీ ఒకసారి ఊహించుకోండి. చిన్నప్పుడు షుగర్ పడిపోవడం, పెద్దయ్యాక ఒళ్లు రావడం అదనం. ఇదంత వరమే అయితే లారాన్ ఆ పిల్లలకి ఐజీఎఫ్-1 ఇంజెక్షన్లు ఇవ్వడానికి ఎందుకు తాపత్రయపడతాడు?

ఇక దాచారట! పేపర్లన్నీ పబ్లిగ్గానే ఉన్నాయి, ఐజీఎఫ్-1 మందుకి అమెరికాలో 2005లో పర్మిషన్ వచ్చింది, దానికి రెండేళ్ల ముందే గ్రోత్ హార్మోన్‌ని రిసెప్టర్ దగ్గర అడ్డుకునే మందుకి కూడా వచ్చింది, అది హార్మోన్ అతిగా ఊరేవాళ్లకి. కంపెనీలు దాచడమేంటి, అటూ ఇటూ రెండూ అమ్ముతుంటే.

పాల సంగతి. పాలు బాగా తాగేవాళ్లలో ఐజీఎఫ్-1 కాస్త ఎక్కువుంటుంది, నిజమే. ఆ కాస్తకీ, రిసెప్టరే పనిచెయ్యకపోవడానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో పాల మీద కొంత అనుమానం ఉంది, పెద్దపేగు క్యాన్సర్ విషయంలో అవే పాలు కాపాడుతున్నట్టు కనిపిస్తోంది, ఏది తీసుకుని ఏది వదులుతాం? పడనివాళ్లు మానెయ్యండి, క్యాన్సర్ భయంతో మాత్రం పిల్లల గ్లాసు లాక్కోకండి.

ఇంజెక్షన్ల మీద అమ్మ భయానికి మూలం ఒకటుంది, అది ఫార్వర్డ్ రాసినవాడికి తెలిసుండదు. ఒకప్పుడు గ్రోత్ హార్మోన్ని చనిపోయినవాళ్ల పిట్యూటరీ గ్రంథుల్లోంచి తీసేవాళ్లు, అలా ఎక్కించుకున్న కొందరికి మెదడుని తినేసే సీజేడీ అనే జబ్బొచ్చింది, 1985లో అమెరికాలో దాన్ని ఆపేశారు. అప్పట్నుంచి ల్యాబులో తయారైందే వాడుతున్నారు. క్యాన్సర్ ఉన్నప్పుడు ఇది ఇవ్వరు, ముందు ఉండి తగ్గినా చాలా ఆలోచించి ఇస్తారు, అలాంటి రిస్కులేం లేని పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన స్టడీల్లో కొత్తగా క్యాన్సర్లు పెరిగినట్టు స్పష్టంగా కనబడలేదు. మా పిల్లకి తక్కువున్న హార్మోన్ని ఉండాల్సినంతకి తెస్తున్నారు, అంతకు మించకుండా అప్పుడప్పుడు రక్తంలో ఐజీఎఫ్-1 చూస్తున్నారు, ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కేస్తున్నారు. లారాన్ పిల్లలకైతే ఈ సూది ఎంత పొడిచినా పనిచెయ్యదు, ఫోన్ ఎత్తేవాడే లేడుగా!

ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్తే అమ్మ రెండుసార్లు వింది. "మరి పెద్దక్కకి చెప్పావా" అంది. చెప్పా, గ్రూపులోనే పెట్టా, పెద్దమ్మ నుంచి ఒక దండం వచ్చింది, పది నిమిషాలకి కాకరకాయ రసం మీద ఇంకో ఫార్వర్డ్ వచ్చింది. పిల్లకి మాత్రం నిన్న రాత్రి సూది పడింది, ఈసారి పెన్ను పట్టుకుంది అమ్మే.