గేటు మీద మూడు గళ్ల బోర్డు

మొన్న పటాన్‌చెరు దాటి పోతూ టీ కోసం ఆగాను. ఎదురుగా ఒక ఫ్యాక్టరీ గేటు. దాని మీద ఎర్రగా వెలుగుతున్న డిజిటల్ బోర్డు: ‘ప్రమాదం జరగని రోజులు – 1462’. కింద ఫ్లెక్సీ. అందులో తెల్ల హెల్మెట్లు పెట్టుకున్న ఎనిమిది మంది పెద్దమనుషులు బొటనవేళ్లు పైకెత్తి నవ్వుతున్నారు. ఒకాయన హెల్మెట్‌కి ధర స్టిక్కర్ ఇంకా ఊడలేదు.

“నాలుగేళ్ల నుంచి లోపల ఎవరికీ ఏమీ కాలేదా అన్నా?” అని టీ కొట్టాయన్ని అడిగాను.

“పోయిన నెల అంబులెన్స్ అయితే వచ్చింది సార్. లోపలికి పోనియ్యలే. బయటనే నిలబెట్టిన్రు” అన్నాడు గ్లాసులు కడుగుతూ.

అంటే బోర్డు అబద్ధం చెప్పడం లేదు. అంబులెన్స్ రోడ్డు మీద ఆగింది. రోడ్డు ఫ్యాక్టరీది కాదు. రోడ్డు మీద ఎక్కిన మనిషి ఫ్యాక్టరీ లెక్కలోకి ఎలా వస్తాడు?

ఈ విషయంలో నాకు కొంత పాండిత్యం ఉంది. చాలామంది కొలువులో చేరి ఫైళ్లు మోస్తారు. నేను అంకెలు మోశాను. మందుల తయారీకి కావాల్సిన ముడి రసాయనాలు చేసే ఒక కంపెనీలో (పేరు చెప్పను, నాకింకా పీఎఫ్ రావాలి) నా హోదా డాక్యుమెంటేషన్ అసిస్టెంట్. రోజూ జనరల్ షిఫ్ట్ గంట కొట్టేలోపు స్టూలెక్కి గేటు దగ్గర బోర్డు మీద అంకె మార్చడం నా మొదటి పని. అప్పట్లో డిజిటల్ లేదు. మూడు గళ్లు, మూడు మేకులు, ఒక అట్టపెట్టె నిండా రేకు పలకలు. తొమ్మిది పలక ఒకటి పోయింది. కొత్తది కొనమంటే పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు అడిగారు. ఆరుని తలకిందులు చేసి గడిపేశాను. నా సర్వీసులో భద్రత విషయంలో నేను సొంతంగా చేసిన మేలు అదొక్కటే.

నేను చేరిన రోజు బోర్డు మీద 31 ఉంది. అంతకు నెల ముందు ఏదో ఘోరం జరిగి ఉంటుందని భయపడ్డాను. విచారిస్తే తెలిసింది, జనరల్ మేనేజర్ గారు మెట్లు దిగుతూ ఫోన్ చూసుకుని జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారట. ఆయన జీతం కంపెనీ ఇస్తుంది, మెట్లు కంపెనీవి, వారం రోజులు డ్యూటీకి రాలేదు. కాబట్టి అది శాస్త్రోక్తమైన ప్రమాదం. బోర్డు సున్నాకి వచ్చింది. ఆ మెట్లకు స్టీలు రెయిలింగ్ కూడా వచ్చింది.

మిగతావాళ్లకి జరిగేవి ప్రమాదాలు కావు. ‘సంఘటనలు’. ప్రమాదం అనిపించుకోవాలంటే మనిషికి చాలా అర్హతలుండాలి. కంపెనీ మస్టర్‌లో పేరుండాలి. దెబ్బ గోడకి ఇవతలే తగలాలి. అన్నిటికన్నా ముఖ్యం, మర్నాడు పనికి రాలేకపోవాలి. ఈ చివరి అర్హత దగ్గరే చాలామంది ఫెయిలవుతారు, ఎందుకంటే వాళ్లను ఎలాగైనా తీసుకొస్తారు. కాలికి కట్టుతో ఉన్న ఆపరేటర్‌ని ఆటోలో తెచ్చి, సెక్యూరిటీ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, హాజరు వేయించి, మజ్జిగ తాగించి, సాయంత్రం మళ్లీ ఆటో ఎక్కించడం నేను కళ్లారా చూశాను. దాన్ని మేం కుర్చీ డ్యూటీ అనేవాళ్లం. ఒక వారం ముగ్గురు కుర్చీ డ్యూటీలో ఉన్నారు. సెక్యూరిటీ గది చిన్న ఆర్థోపెడిక్ వార్డులా ఉండేది. బయట బోర్డు మీద అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

413వ రోజున డ్రమ్ములోంచి సాల్వెంట్ అనే మండే ద్రావకం పోస్తుంటే ఒకతని చెయ్యి మోచేతి దాకా కాలింది. ఒడిశా కుర్రాడు, పాతికేళ్లుండవు. కంపెనీ అంబులెన్స్ తీస్తే లాగ్ బుక్ రాయాలి కదా, అందుకని కాంట్రాక్టర్ వ్యాన్‌లో పంపారు. గేటు రిజిస్టర్‌లో ఆ వ్యాన్ ‘క్యాంటీన్ సామాను’ అని బయటికి వెళ్లింది. మర్నాడు పొద్దున నేను స్టూలు మీద నిలబడి, సున్నా పలకలు చేతిలో పట్టుకుని సేఫ్టీ ఆఫీసర్‌ని అడిగాను, “సార్, సున్నా పెట్టమంటారా?”

“ఎందుకు?” అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

“నిన్న ఆ అబ్బాయికి...”

“వాడు మనవాడు కాదయ్యా. మేస్త్రీ మనిషి. 414 పెట్టు.”

పెట్టాను.

ఆ ‘మనవాడు కాదు’ అన్న మాట మీదే సప్లై చైన్ అనే మహా కట్టడం నిలబడి ఉంది. పైన ఎక్కడో విదేశంలో మాత్ర అమ్మే కంపెనీ. దానికి సరుకిచ్చేది ఇక్కడి పెద్ద కంపెనీ. దానికి ముడి రసాయనం ఇచ్చేది మాలాంటి వాళ్లం. మాకు మనుషుల్నిచ్చేది కాంట్రాక్టర్. కాంట్రాక్టర్‌కి మేస్త్రీ. మేస్త్రీకి ఒక ఊరు. సరుకు కింది నుంచి పైకి పోతుంది, ఫారాలు పై నుంచి కిందికి వస్తాయి. పర్యావరణం, ఆరోగ్యం, భద్రతల మీద విదేశీ కొనుగోలుదారు మాకు ఎనభై నాలుగు ప్రశ్నల ఫారం పంపేవాడు. మేం దాని మీద మా లోగో అతికించి మా సప్లయర్లకి పంపేవాళ్లం. వాళ్లు వాళ్ల లోగో అతికించేవాళ్లు. అలా దిగి దిగి ఒకసారి ఆ ఫారం వ్యర్థ జలాలు మోసే ట్యాంకర్ డ్రైవర్ దాకా వచ్చింది. ‘జీవవైవిధ్యం పట్ల మీ సంస్థ నిబద్ధత ఏమిటి?’ అన్న ప్రశ్న పక్కన ఆయన వేలిముద్ర ఉంది. ఆ ట్యాంకర్ రాత్రి ఏ వాగు ఒడ్డున ఖాళీ అయ్యేదో ఫారంలో అడగలేదు, ఆయనా చెప్పలేదు. నక్కవాగు నీళ్ల రంగు గురించి ఆ చుట్టుపక్కల ముసలివాళ్లని అడగండి. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో వేసిన కేసు సుప్రీంకోర్టు, హైకోర్టు, గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లన్నీ ఎక్కి దిగింది. ఆ మెట్లకు రెయిలింగ్ ఉందో లేదో.

ఇక ఆడిట్ రోజు, అంటే భద్రత తనిఖీకి ఆడిటర్ వచ్చే రోజు. పెళ్లివారింట్లో కూడా అంత హడావుడి ఉండదు. ముందురోజే అరవై మంది కాంట్రాక్టు వాళ్లకి ‘రేపు రావద్దు’ అని చెప్పేస్తారు, కూలి ఉండదు. మిగిలినవాళ్లకి కొత్త హెల్మెట్లు, కొత్త గమ్‌బూట్లు ఇచ్చి సంతకాలు పెట్టించుకుంటారు. సాయంత్రం ఐదింటికి తిరిగి లాక్కుంటారు, దానికి సంతకం ఉండదు. ఏడాదంతా అట్టపెట్టెలు అడ్డం పెట్టిన ఎమర్జెన్సీ డోరు ఆ రోజు తెరుచుకుంటుంది. దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. కళ్లు కడుక్కునే ఐవాష్‌లో మొదట గాలి వచ్చి, తర్వాత తుప్పు వచ్చి, చివరికి నీళ్లు వస్తే మేమంతా చప్పట్లు కొట్టాం.

చేపల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మా శుద్ధి ప్లాంటు చివర ఒక సిమెంటు తొట్టి ఉంది. శుద్ధి చేసిన నీళ్లు ఎంత స్వచ్ఛమో చూపించడానికి అందులో చేపలుండాలి. ముందురోజు సాయంత్రం నన్నే మార్కెట్‌కి పంపారు. ఇరవై రంగు చేపలు, రెండు ప్లాస్టిక్ సంచుల్లో, స్కూటర్ హ్యాండిల్‌కి చెరోపక్క వేలాడదీసుకుని తెచ్చాను. మరి వాటిని మా శుద్ధి జలాల్లో వదిలేంత దుర్మార్గులం కాదు. తొట్టి కడిగించి, తాగునీళ్ల ట్యాంకర్ తెప్పించి నింపాం. ఆడిటర్ వచ్చాడు, వంగి చూశాడు, ముచ్చటపడి మూడు ఫొటోలు తీసుకున్నాడు. ఈలోగా ఎవరో అత్యుత్సాహంతో శుద్ధి ప్లాంటు మోటారు నిజంగానే ఆన్ చేశారు. ఆడిటర్ క్యాంటీన్‌లో బిర్యానీ తినేలోపు ఇరవై చేపలూ వెల్లకిలా తేలాయి. అవి పేరోల్‌లో లేవు కాబట్టి బోర్డు మారలేదు.

తర్వాత కార్మికులతో ముఖాముఖి. దుభాషీని నేనే. ముందురోజు రెండు గంటలు తర్ఫీదు ఇచ్చాం, ఏమడిగినా ‘ట్రైనింగ్ హో గయా సార్’ అనమని. ఏ కెమికల్ వాడుతున్నావని అడిగాడు ఆడిటర్. ట్రైనింగ్ హో గయా సార్. ఎన్ని గంటలు పని? ట్రైనింగ్ హో గయా సార్. నీ పేరేమిటి? కుర్రాడు ఒక్క క్షణం నా వైపు చూసి, ట్రైనింగ్ హో గయా సార్ అన్నాడు. ఆడిటర్ సంతృప్తిగా టిక్ పెట్టుకున్నాడు.

నవ్వొస్తోంది కదా. 2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. కిటికీలకి ఇనుప చువ్వలు, తలుపులకి తాళాలు. రెండు వందల యాభై మందికి పైగా పోయారు. ఆ ఫ్యాక్టరీకి అంతకు కొన్ని వారాల ముందే కార్మికుల పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఆడిటర్‌కి అక్కడ ఎవరు బిర్యానీ పెట్టారో నాకు తెలియదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలింది. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో కుట్టుపని వాళ్లను మాత్రం మర్నాడు రమ్మన్నారు, ఆర్డర్లు ఆగవు కదా. 1,134 మంది. బ్యాంకు వాళ్లు మనవాళ్లు. కుట్టేవాళ్లు ఎవరివాళ్లు?

మన చట్టం ఈ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పేసింది. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినా సరే, లోపల పని చేసేవాడు ఆ ఫ్యాక్టరీ కార్మికుడే అని 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అంది. భోపాల్ తర్వాత, 1987లో, ఇంకో మాట కూడా చేర్చారు: లోపల ఏ ప్రమాదకర పదార్థం ఉందో, అది బయటికొస్తే ఏం చేయాలో కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికీ చెప్పాలని. ఇప్పుడు స్టాక్ మార్కెట్లను అదుపు చేసే సెబీ వారు కూడా పెద్ద లిస్టెడ్ కంపెనీల్ని తమ సప్లయర్ల సంగతి కూడా రాయమన్నారు. అయితే కొనుగోళ్లలో కనీసం 2 శాతం వాటా ఉన్న సప్లయర్లయితేనే, అదీ ఇష్టమైతేనే. ఒకటిన్నర శాతం సప్లయర్ దగ్గర సాల్వెంట్ మండదు కాబోలు.

2020 మే 7, తెల్లవారుజామున మూడింటి వేళ, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విషవాయువు. పన్నెండు మంది పోయారు. చుట్టుపక్కల జనానికి చెప్పాలన్న ఆ వాక్యం పుట్టి అప్పటికి ముప్పై మూడేళ్లు. జనం దిక్కు తెలియక రోడ్ల మీద పరుగెత్తి పరుగెత్తి పడిపోయారు. 2024 ఆగస్టు 21, అచ్యుతాపురం, ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీలో పేలుడు, మధ్యాహ్న భోజనాల వేళ. పదిహేడు మంది. 2025 జూన్ 30, పాశమైలారం, సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు. యాభై మందికి పైగా. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. అంకెలు రోజురోజుకీ మారాయి. ఇంటివాళ్లు ఫొటోలు పట్టుకుని గేటు దగ్గర, ఆస్పత్రుల దగ్గర తిరిగారు. ఎముక ముక్కలకి డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. ఎనిమిది మంది ఆనవాలు కూడా దొరకలేదు.

ఈ పారిశ్రామికవాడల్లో గేటుకో బోర్డు పెట్టి రోజులు లెక్కపెట్టే మారాజులారా, మీకు మనుషుల్ని లెక్కపెట్టడం రాదా? పొద్దున షిఫ్ట్‌లో ఎంతమంది లోపలికెళ్లారో ఒక కాగితం మీద రాసి గేటు బయట ఉంచడానికి ఏ విదేశీ సర్టిఫికెట్ కావాలి? డ్రమ్ముల లెక్క ఉంది, బ్యాచ్ లెక్క ఉంది, గ్రాము తేడా వస్తే సరుకు వెనక్కి పంపేస్తారు. డ్రమ్ము ఎత్తినవాడి లెక్క మాత్రం మేస్త్రీ జేబులో ఉంటుంది. ఆ జేబు కూడా లోపలే కాలిపోతే? కొడుకు ఎక్కడున్నాడని అడిగే తల్లికి ఎనభై నాలుగు ప్రశ్నల ఫారం చూపిస్తారా? నేను 414 పలక తగిలించినవాణ్ని, ఆ కుర్రాడి పేరు ఇవాళ నాకు గుర్తు లేదు. నా సంతకంతో ఉన్న ట్రైనింగ్ రిజిస్టర్‌లో వాడి పేరు మూడు చోట్ల ఉండి ఉంటుంది.

సరే, బోర్డు సంగతి పూర్తి చేస్తాను. 500వ రోజున లడ్డూలు పంచాం, కాంట్రాక్టు వాళ్లకి సగం లడ్డూ. మార్చి 4 జాతీయ భద్రతా దినం కాబట్టి ఏటా ఆ రోజు ప్రతిజ్ఞ చేశాం. 999వ రోజుకి ఆరు పలకలు రెండు తలకిందులు చేసి ఎలాగో నెట్టుకొచ్చాను. వెయ్యో రోజు పొద్దున తొమ్మిదింటికి ఎండీ గారు, పత్రికలవాళ్లు, పూలదండలు, ఫ్లెక్సీ. నేను స్టూలెక్కి చూసుకుంటే బోర్డుకి మూడే గళ్లు. నాలుగో అంకెకి చోటు లేదు. ఎవరికీ తట్టలేదు, నాతో సహా. టైమైపోతోంది, కారు గేటు దాకా వచ్చేసింది. చేతిలో ఉన్న సున్నాలు మూడూ తగిలించి దిగాను.

కార్పెంటర్ దొరికి, పక్కన చెక్క ముక్క కొట్టి, దాని మీద చాక్‌పీసుతో ‘1’ రాసేదాకా, ఎండీ గారు దండ మెళ్లో వేసుకుని ఫొటోలు దిగుతున్న ఆ గంటసేపూ, గేటు మీద ‘ప్రమాదం జరగని రోజులు – 000’ అనే ఉంది.