గాజు గిన్నెపై దుష్ప్రచారం

ఈమధ్య కొందరు పనిలేనివాళ్లు బయల్దేరారు. మనం గాజు గిన్నెలో పెంచుకునే ఫైటర్ చేపకు కనీసం 20 లీటర్ల ట్యాంకు ఉండాలట. ఫిల్టర్ ఉండాలట, దూకకుండా మూత ఉండాలట. 20 లీటర్లంటే మన గుమ్మంలోకి వచ్చే మినరల్ వాటర్ క్యాన్ అండీ! వేలెడంత చేపకు క్యాన్‌డు నీళ్లా? బాధ్యత గల పౌరులుగా దీన్ని ఖండించక తప్పదు.

అక్వేరియం షాపువాళ్లు ఏం చెబుతారు? "దీనికేం అక్కర్లేదు సార్, చిన్న బౌల్ చాలు." వాళ్లు వేల చేపలు అమ్మినవాళ్లు, వాళ్లకు తెలియదా? (ఒకే ఇంటికి ఎన్నిసార్లు అమ్మారని మాత్రం అడక్కూడదు.)

శాస్త్రం కూడా మనవైపే ఉంది. ఫైటర్‌కు మొప్పలతోపాటు తలలో ఇంకో శ్వాస అవయవం ఉంటుంది. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. మార్కెట్లో కొరమీను నీళ్లు లేకపోయినా చాలాసేపు ప్రాణంతో ఉండేది ఇలాంటి ఏర్పాటు వల్లే. గాలి పీల్చుకునే ప్రాణికి నీళ్లతో అంత పనేమిటన్నది నా సూటి ప్రశ్న. పైగా దీని సొంతూరు థాయ్‌లాండ్ వరి మళ్లు. జానెడు నీళ్లలో బతికిన జాతి. మడి లోతు జానెడే అయినా వెడల్పు ఎకరాల్లో ఉంటుంది కదా అని ఎవరైనా అంటే, వెంటనే కాఫీ తెమ్మని లోపలికి కేకేయాలి. ఆ దేశం 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. మనం అంతకంటే గౌరవంగా టీవీ పక్కన పెట్టాం.

ఊరికే పెట్టలేదు. ఈశాన్యమా, ఉత్తరమా అని సిద్ధాంతిగారిని అడిగి మరీ పెట్టాం. కుళాయి నీళ్లలో చేపకు పడని క్లోరిన్ సంగతి ఆయన చెప్పలేదు. ఆయన చూసేది దిక్కులు, నీళ్లు కాదు. షాపులో యాంటీ క్లోరిన్ చుక్కల సీసా ఉంటుంది, కానీ రంగురాళ్లు, ప్లాస్టిక్ తామరపువ్వు కొన్నాక బడ్జెట్ మిగలదు.

ఇక శుభ్రత. మనవాళ్ల శుభ్రతకు వంక పెట్టగలరా? ఆదివారం రాగానే చేపను స్టీలు గ్లాసులోకి మార్చి, గిన్నె మొత్తం బోర్లించి, రాళ్లను అంట్ల సబ్బుతో తళతళా తోముతాం. చేప వ్యర్థాల నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుందట, దాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా ఆ రాళ్ల మీద, ఫిల్టర్‌లో కాపురం పెట్టడానికి నెల, నెలన్నర పడుతుందట. అందుకని నీళ్లు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా మార్చాలట. అమ్మోనియాకు రంగు లేదు. కంటికి కనబడనిదాన్ని నమ్మడానికి మేమేమైనా మూఢులమా?

వీళ్ల సలహాలు ఇంకో మెట్టు ఎక్కాయి. ఎండిన బాదం ఆకు వేస్తే చేపకు హాయిగా ఉంటుందట, నీళ్లు టీ డికాషన్‌లా మారినా పర్వాలేదట. పొద్దున్నే వీధిలో ఊడ్చి తగలబెట్టే ఆకు! దాన్నే ఆన్‌లైన్‌లో ప్యాకెట్ కట్టి అమ్ముతున్నారు. ఈ ఒక్క విషయంలో నాకూ కొంచెం అసూయగా ఉంది, మా వాకిట్లో చెట్టుంది.

తిండి మాటకొస్తే బామ్మగారి ముందు నోరెత్తలేం. కోనేటి చేపలు మరమరాలు తింటాయి కాబట్టి ఇదీ తినాలి. ఇది మాంసాహారి, దోమ పిల్లలు, పురుగులు దీని భోజనం, షాపులో అమ్మే మేత గింజలైతే పూటకు రెండు మూడు చాలని చెబితే, "శనివారం కూడానా?" అన్నారు. మరమరాలు నాని, ఉబ్బి, అడుగున పేరుకుంటాయి. ఇది తినలేదేమని ఆవిడ ఇంకో గుప్పెడు వేస్తారు.

చుట్టాలొస్తే అద్దం చూపించాలి. ఎదుట ఇంకో మగచేప ఉందనుకుని మొప్పల తలుపులు బార్లా తెరిచి, రెక్కలన్నీ విప్పి ఊగిపోతుంది. "మళ్లీ ఓసారి చేయించండి" అంటారు పెద్దత్తయ్య. మళ్లీ చేయిస్తాం. డిసెంబరులో మాత్రం అద్దం పెట్టినా కదలదు. దానికి 25 డిగ్రీల పైచిలుకు వెచ్చదనం కావాలి కాబట్టి అడుగున పడి ఉంటుంది. మంచి క్రమశిక్షణ వచ్చిందని మేం సంతోషిస్తాం.

గిన్నెలో చేప ఎక్కువకాలం ఉండదన్న అపవాదు కూడా అబద్ధమే. మా ఎదురింటి రాకీకి మూడేళ్లు. మొదట నీలంగా ఉండేవాడు, దసరాకు ఎర్రబడ్డాడు, సంక్రాంతికి తెల్లగా వచ్చాడు. ఇలా ఎందుకు మారుతున్నాడని పిల్లాడు అడిగితే, వయసు మీద పడుతోంది నాన్నా అని చెప్పారట.