బాయిలర్‌కు తుప్పు పట్టలేదు, విలువ పడిపోయింది

యాసంగి వడ్లను పచ్చిబియ్యంగా ఆడిస్తే ఎండల దెబ్బకు నూక ఎక్కువ పడుతుంది. తెలంగాణలో చాలా రైస్ మిల్లులు ఉప్పుడు బియ్యం వైపు మళ్లింది అందుకే. నానబెట్టే ట్యాంకులు, బాయిలర్, డ్రయ్యర్లు అన్నీ కలిపితే పెద్ద పెట్టుబడి. 2021లో ఇక ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పేసింది. ఆ రోజు ఏ డ్రయ్యర్‌లోనూ బోల్టు ఊడలేదు. కానీ అమ్మకానికి పెట్టి ఉంటే అంతకుముందు ధర పలికేదా?

విలువ కట్టేవాళ్లు దీన్ని ఎకనామిక్ ఆబ్సొలెసెన్స్ అంటారు. అరుగుదల యంత్రంలో కాదు, మార్కెట్లో. మన యజమానులు మాత్రం యంత్రాల విలువంతా ఆడిటరు ఇచ్చిన కాగితంలోనే ఉందనుకుంటారు. ఆదాయపు పన్ను లెక్కలో సాధారణ యంత్రాలకు ఏటా, మిగిలిన మొత్తం మీద 15 శాతం తరుగుదల (డిప్రిసియేషన్) కింద తీస్తారు. కోటి పెట్టి కొన్నది పదేళ్లకు దాదాపు 19.7 లక్షలకు దిగుతుంది. కంటికి రెప్పలా చూసుకున్నా, గ్రీజు ముఖం చూపించకుండా తిప్పినా అంతే. కొనేవాడికి ఆ అంకెతో పనిలేదు.

ఈ పొరపాటు బీమా దగ్గర బాగా తగులుతుంది. కొత్తవి కొనాలంటే 2 కోట్లయ్యే యంత్రాలకు, పుస్తకాల్లో అంతే ఉంది కదా అని 80 లక్షలకే రీఇన్‌స్టేట్‌మెంట్ పాలసీ, అంటే కొత్తది కొనే ఖర్చు లెక్కన చెల్లించే పాలసీ తీసుకున్నారనుకోండి. మంటల్లో 50 లక్షల నష్టం జరిగింది. పాలసీ 80 కాబట్టి 50 మొత్తం వస్తుందనుకుంటాం. రాదు. బీమా చేసింది విలువలో 40 శాతానికే, కాబట్టి చేతికొచ్చేదీ నష్టంలో 40 శాతం, 20 లక్షలు.

అదే మిల్లు దివాలా ప్రక్రియలోకి వెళ్తే ఇద్దరు రిజిస్టర్డ్ వాల్యుయర్లు వచ్చి సముచిత విలువ ఒకటి, మిల్లు మూసేసి అమ్మితే వచ్చే లిక్విడేషన్ విలువ ఒకటి కడతారు. ఒకే బాయిలర్‌కు ఇన్ని విలువలు, ఏదీ అబద్ధం కాదు. 'నా మిషన్ల విలువెంత' అని అడిగితే 'దేనికోసం, ఏ తేదీకి' అని తిరిగి అడగని వాల్యుయర్‌ను నేను నమ్మను.

బిల్డింగుకు విలువ కట్టే ఇంజనీరుతోనే పనిలో పనిగా మిషన్లకూ ఓ అంకె వేయించడం మన దగ్గర మామూలే. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు ప్లాంట్ అండ్ మెషినరీని స్థలాలు, భవనాల నుంచి విడదీసి వేరే విభాగంగా పెట్టాయి. దానికి పరీక్ష వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ఉత్తినే పెట్టలేదు.

బ్యాంకు పంపే వాల్యుయర్ ఉన్నాడుగా అంటారు. ఆయన చూసేది అప్పు మునిగితే ఎంత రాబట్టుకోవచ్చనే. ఆ రిపోర్టుతో బీమా మొత్తం నిర్ణయించుకోవడం, భాగస్వామి వాటా తేల్చడం రెండూ తప్పే. ఫీజు దండగ అనిపించినా, గొడవ రాకముందే యజమాని తన అవసరం చెప్పి చేయించుకున్న రిపోర్టు వేరు.

పని తెలిసినవాడు ఇన్వాయిస్‌ల ఫైలు పక్కన పెట్టి ముందు షెడ్డులోకి నడుస్తాడు. నేమ్ ప్లేటు మీద సీరియల్ నంబరు రాసుకుంటాడు, ప్యానెల్ బోర్డు తెరిపిస్తాడు, నడుస్తుండగా చూస్తానంటాడు. ఏనాడో పాత ఇనుముకు పోయిన హల్లర్ (పొట్టు తీసే యంత్రం) ఇంకా ఆస్తుల రిజిస్టర్లో ఉండటం, నిరుడు బిగించిన, వడ్లు పైకెత్తే కొత్త ఎలివేటర్‌ను రిపేరు ఖర్చు కింద రాసేయడంతో అసలు లెక్కలోనే లేకపోవడం అప్పుడే బయటపడతాయి.