బ్రెడ్డుకో నమస్కారం

న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చిన మొదటి శనివారం. సరుకుల కొట్టులో సంచీలు సర్దే కుర్రాడు నా బ్రెడ్డు పట్టుకుని ఏదో అడిగాడు. అందులో నా చెవికి అందింది ఒక్క ముక్కే: ఫిష్.

"నో ఫిష్! ప్యూర్ వెజిటేరియన్!" అన్నాను. అదీ శనివారం పూట!

కుర్రాడు మళ్ళీ అడిగాడు. ఈసారి రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి కలిపి చూపించాడు. ఎంత సంస్కారం అనుకుని నేనూ నమస్కారం పెట్టాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ సంచీ విప్పింది. పైన గాలన్ పాలడబ్బా, అడుగున బ్రెడ్డు. గాలనంటే 3.78 లీటర్లు, దగ్గరదగ్గర 4 కిలోలు.

"ఏవండీ, బ్రెడ్డు తెమ్మంటే అప్పడాల కట్ట తెచ్చారేమిటి?"

కార్టూన్లు చూసి ఇంగ్లీషు పట్టేసిన మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "ఫిష్ కాదు నాన్నా, స్క్విష్! బ్రెడ్డు నలిగిపోతుంది, విడిగా పెట్టనా అని అడిగుంటాడు."

పాతికేళ్ళు ఇంగ్లీషులో ఫైళ్ళు రాసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా క్రష్, అదీ కంకర మిల్లులో. నలపడమని అర్థమున్న స్క్వాష్ అనే మాటని కాస్త గారాబం చేస్తే స్క్విష్ అయిందట. పురుగుని నలిపినా స్క్విషే, సోఫాలో ఐదుగురు ఇరుక్కున్నా స్క్విషే, బురదలో కాలేస్తే వచ్చే చప్పుడూ స్క్విషే. మనకంత పొదుపు లేదు. పప్పు మెదుపుతాం, పిండి పిసుకుతాం, నల్లిని చిదుముతాం. చొక్కా నలుగుతుంది, టమాటా చితుకుతుంది. పప్పు చిదిమానని అనండి, మా అత్తగారు చేతిలో గుత్తి లాగేసుకుంటుంది.

రెండు రోజులు బ్రెడ్డు ఉప్మాయే.

మరుసటి శనివారం సిద్ధమై వెళ్ళాను. అదే కుర్రాడు. వాడు నోరు తెరిచేలోగా బటర్‌నట్ స్క్వాష్ మీద చెయ్యేసి, "డోంట్ స్క్విష్ ద స్క్వాష్" అన్నాను. ఇది గుమ్మడి జాతి కాయ. పేరు వచ్చింది నర్రగాన్‌సెట్ అనే అమెరికా ఆదివాసుల భాష నుంచి. నలపడానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. వాడు కాయని ఎత్తి బల్లమీద రెండుసార్లు కొట్టాడు. బల్ల మోగింది. తర్వాత నా బ్రెడ్డు వైపు చూసి, రెండు చేతులూ కలిపాడు.

అది స్క్విషో నమస్కారమో తేలక, ఎందుకొచ్చిన గొడవని బ్రెడ్డుని నేనే భద్రంగా చంకలో ఇరికించుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. మూకుడు పొయ్యిమీద పెట్టి ఆవాలు వేసింది.