లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయి కదా మాస్టారూ

విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్టుమెంటుకు ఉమ్మడి ఇంటర్నెట్టు. ఇంటికొక కనెక్షన్ దండగ, అందరికీ కలిపి ఒక్క ఫైబర్ లైను తీసుకుంటే ఎంతో మిగులుతుందన్నది సెక్రటరీ గారి సిద్ధాంతం. మిగిలింది ఎక్కడికి వెళుతుందో నేను అడగలేదు. మొన్న ఆదివారం పొద్దున్నే అది ఆగిపోయింది. డిగ్రీ కాలేజీలో డేటా కమ్యూనికేషన్స్ పాఠం చెప్పేవాణ్ణి కనుక, కాఫీ కూడా తాగనివ్వకుండా నన్ను కిందికి పిలిపించారు.

మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఒక చెక్క పెట్టె. అందులో కంపెనీవారి ఫైబర్ బాక్సు, దాని పక్కన ఆ ఒక్క లైనును అందరికీ పంచే స్విచ్. అక్కణ్ణుంచి అంతస్తుకొక వైఫై పెట్టెకు, కెమెరాల రికార్డరుకు వైర్లు వెళతాయి. ఈ స్విచ్ కొనేటప్పుడు, కాస్త ఖరీదైనా మంచిది తీసుకుందామని నేను కాగితం మీద రాసి మరీ ఇచ్చాను. సెక్రటరీ గారు ఆ కాగితం వెనక నీళ్ళ ట్యాంకరు లెక్క వేసుకుని, అన్నిటికన్నా చవకైనది తెచ్చారు. ఆ చెక్క పెట్టె తలుపు ఇప్పుడు ఆయనే తీసి, పెళ్ళికూతుర్ని చూపించినంత సంబరంగా చూపించారు.

‘‘చూడండి మాస్టారూ, ఎనిమిది కన్నాలుంటే ఎనిమిదీ నింపించాను. ఒక్కటీ వృథా పోలేదు. లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయి కదా! దసరాకి కొండ మీద కూడా ఇంత బాగా వెలగవు.’’

నిజమే. ఎనిమిది పచ్చదీపాలూ ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరి, మళ్ళీ వెలుగుతున్నాయి. అంత క్రమశిక్షణ మా కాలేజీ అసెంబ్లీలో కూడా చూడలేదు. ఈ విషయంలో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి అక్కడ ఆగి ఆలోచించాలి. ఆలోచించేవాణ్ణే, చుట్టూ జనం చేరకపోతే. రెండో అంతస్తువాళ్ళు, మూడో అంతస్తువాళ్ళు, ఇస్త్రీ బట్టలు తెచ్చిన కుర్రాడు, ఇంటర్నెట్టుతో ఏ సంబంధమూ లేని పక్క అపార్టుమెంటు పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డారు. తరగతి నిండిపోయిందని లోపలి మాస్టారు లేచి కూర్చున్నాడు.

వాచ్‌మన్ స్టూలు వేశాడు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఓఎస్ఐ నమూనాతో మొదలుపెట్టాను. నెట్‌వర్కుకు ఏడు పొరలు, 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది, పైన అప్లికేషన్ పొర, అట్టడుగున ఫిజికల్ పొర, అంటే తీగలు, వెలుతురు, కరెంటు. సమస్యను ఒక్కొక్క పొరలో వెతకాలి. పై నుంచి కిందికీ రావచ్చు, కింది నుంచి పైకీ పోవచ్చు. నేను పై నుంచి వస్తానన్నాను. ఎందుకంటే కింద వైర్లలో సాలెగూళ్ళున్నాయి.

తర్వాత పింగ్, అంటే ఒక కంప్యూటర్‌ను పిలిచి పలుకుతుందో లేదో చూసే ప్రోగ్రాము. దీన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఆయన అమెరికా సైన్యపు పరిశోధనశాలలో రాశాడనీ, జలాంతర్గాములను వెతికే సోనార్ చేసే శబ్దమే దాని పేరనీ చెప్పాను. ఎవరో ఆవులించారు. ముందు మన కంప్యూటర్ సంగతి చూసుకోవాలి కనుక 127.0.0.1 అని కొట్టాను. టకటకా నాలుగు సమాధానాలు వచ్చాయి.

‘‘వచ్చేసింది!’’ అని సెక్రటరీ గారు కేక వేశారు. చప్పట్లు. మూడో అంతస్తు ఆంటీ గారు కూతురు అమెరికా నుంచి వీడియోలో కనిపిస్తుందని మెట్లెక్కి పరుగెత్తారు. 127.0.0.1 అంటే ఎవరి కంప్యూటర్ తనను తాను పలకరించుకోవడమనీ, ఆ పలకరింపు యంత్రం దాటి బయటికే పోదనీ, నా లాప్‌టాప్‌ను కృష్ణలో విసిరేసేముందు కూడా అది అంతే హాయిగా సమాధానమిస్తుందనీ నేను చెప్పేలోపు, పక్క అపార్టుమెంటు పెద్దాయన నాకు కరచాలనం చేశారు. చేయి వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు. ఆ కరచాలనం సాగుతుండగానే పై నుంచి ఆంటీ గారి గొంతు: ‘‘ఏదండీ, రాలేదే!’’ మళ్ళీ దిగివచ్చారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఆవిడ నన్ను చూసిన చూపును ఏ పొరలో పెట్టాలో నాకు తెలియదు.

ఓదార్పుగా ఉంటుందని ఇంకో సంగతి చెప్పాను. 1969 అక్టోబరు 29న ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో మొట్టమొదటి సందేశం పంపినప్పుడు ‘లాగిన్’ అన్న మాటలో రెండక్షరాలు వెళ్ళాక అవతలి కంప్యూటర్ కూలబడింది, పుట్టిన రోజునే ఆగిన వ్యవస్థ ఇది, అన్నాను. ‘‘మరి అప్పటి నుంచీ బాగుచేయలేదా?’’ అని ఇస్త్రీ కుర్రాడు అడిగాడు.

ఇక 192.168.1.1ను పిలిచాను. అది మన ఫైబర్ బాక్సుకున్న ఇంటి చిరునామా. గడువు మించింది, గడువు మించింది అంటూ వరుసగా వచ్చాయి. ఎదురుగా మూరెడు దూరంలో ఉన్న పెట్టె పలకడం లేదు. అంటే ఏమిటి? దోషం ఈ పెట్టెకూ నాకూ మధ్యే ఉంది. ఇది మొదటి సంవత్సరం పిల్లలు కూడా చెబుతారు. నేను మాత్రం, వీధి చివర కాలువ కోసం తవ్వుతున్నారు కనుక ఫైబర్ తెగిందని తీర్పు చెప్పి, నా ఫోను నుంచే కంపెనీకి ఫోను చేశాను.

అటు నుంచి అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది: ‘‘సార్, బాక్సు మీద లాస్ లైటు ఎర్రగా వెలుగుతోందా?’’

ఫైబర్‌లో వెలుతురు రాకపోతే ఎర్రబడే దీపం అది. ఎర్రగా లేదు. ఆ మాట చెబితే సరిపోయేది. ‘‘నేను ఈ సబ్జెక్టు పాఠం చెప్పేవాణ్ణమ్మా’’ అన్నాను. పాపం, ఫిర్యాదు రాసుకుంది.

మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి, హెల్మెట్ తీయలేదు. తలుపు తెరిచి, దీపాలను చూసి, ఒక పసుపు వైరును ఒక చివర నుంచి వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. అది ఏడో కన్నంలో బయలుదేరి, ఒక చుట్టు తిరిగి, ఎనిమిదో కన్నంలోకి వచ్చి చేరింది. రెండు వేళ్ళతో పీకాడు. దీపాలు తలా ఒక దారిన మినుకుమినుకుమన్నాయి. పైన ఎవరి ఇంట్లోనో వార్తలు మొదలయ్యాయి.

అప్పుడు నాకు పాఠమంతా గుర్తొచ్చింది, అడిగేవాళ్ళే లేరు. ఒక కంప్యూటర్ ‘ఈ చిరునామా ఎవరిది?’ అని అందరినీ అడుగుతుంది. స్విచ్ ఆ ప్రశ్నను అన్ని కన్నాలలోంచీ పంపుతుంది. ఏడులోంచి పోయింది ఎనిమిదిలో వస్తుంది, ఎనిమిదిలోంచి పోయింది ఏడులో వస్తుంది, వచ్చిన ప్రతిసారీ స్విచ్ దాన్ని కొత్త ప్రశ్న అనుకుని మళ్ళీ అందరికీ పంచుతుంది. ఇంటర్నెట్టులో సమాచారాన్ని మోసే మూటకు, అంటే ఐపీ ప్యాకెట్టుకైతే, ఆయువు రాసి ఉంటుంది, 255కు మించదు, రూటరు దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే చస్తుంది. స్విచ్ పంచే మూటకు, అంటే ఈథర్నెట్ ఫ్రేముకు, ఆ అదృష్టం లేదు, మిగతావాటికి దారి లేకుండా తిరుగుతూనే ఉంటుంది. దీన్ని అడ్డుకోవడానికే రేడియా పెర్ల్‌మన్ 1985లో ఇలాంటి చుట్టును గుర్తించి ఒక దారి మూసేసే స్పానింగ్ ట్రీ పద్ధతి కనిపెట్టి, దాని మీద ఒక పద్యం కూడా రాసింది. మెట్ల కింది స్విచ్‌కు ఆ పద్ధతి రాదు. నేను కాగితం మీద రాసిచ్చినదానికి వచ్చు.

‘‘ఇది ఎవరు పెట్టారు?’’ అన్నాను.

‘‘వైరు వేలాడుతుంటే బాగోదని, నిన్న సాయంత్రం సెక్రటరీ గారే...’’ అని వాచ్‌మన్ మొదలుపెట్టాడు. ‘‘మోటారు ఆపావా?’’ అని సెక్రటరీ గారు వాణ్ణి పంపేశారు.

టెక్నీషియన్ ఫారం తీశాడు. కారణం అన్నచోట ‘వినియోగదారుని పొరపాటు’ అని రాశాడు. వినియోగదారుని పేరు అన్నచోట నా పేరు, ఎందుకంటే ఫిర్యాదు నా ఫోను నుంచి వెళ్ళింది. రాకపోకల ఖర్చు మూడు వందల యాభై. సెక్రటరీ గారు నా భుజం తట్టి, ‘‘మాస్టారూ, మీరే పిలిపించారు కదా, ప్రస్తుతానికి మీరే ఇచ్చేయండి, మెయింటెనెన్సులో సర్దుదాం’’ అన్నారు. ఆ సాయంత్రమే పెట్టె మీద నోటీసు అంటించారు: ‘మాస్టారుతో సహా ఎవరూ ముట్టుకోరాదు.’

కొత్త స్విచ్ సంగతి అడిగితే, ఎజెండాలో గోడల రంగుల తర్వాత ఉందన్నారు. రంగుల కొటేషన్లు ఇంకా తెప్పించలేదట.