వారంటీ కార్డు క్యాప్‌కే, కింద ఉన్న పన్నుకి కాదు

పన్ను మీద జిర్కోనియా (తెల్లటి గట్టి సిరామిక్) క్యాప్ వేయించుకుని, దాంతో ఇచ్చిన వారంటీ కార్డుని ఆధార్ కార్డు పక్కన భద్రంగా దాచుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ముక్క విరిగితే ఇంకో ముక్క ఇస్తామని తప్ప ఆ కార్డులో ఇంకేమీ ఉండదు. లోపల పన్ను పుచ్చిపోతే ఏ కంపెనీ పూచీ పడదండీ.

నేను శ్రీకాకుళంలో ఒక డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టరు పన్ను అరగదీసి కొలత (పంటి అచ్చు) తీసి పంపిస్తే, అందులో స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసి మోడల్ చేసి, అరగదీత ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తాం. దాన్నే మార్జిన్ అంటాం. క్యాప్ అంచు సరిగ్గా ఆ గీత మీద కూర్చోవాలి. కొన్ని మోడళ్లలో గియ్యడానికి అంచే కనబడదు, చిగురు నుంచి రక్తం కారుతుండగానే కొలత తీసేస్తారు మరి, అక్కడ బుడగలూ మడతలూ తప్ప ఏమీ ఉండవు. ఫోన్ చేసి "సార్, ఇంకోసారి కొలత తీయండి" అంటే "పేషెంటు పలాస నుంచి రావాలయ్యా, ఎలాగోలా లాగించెయ్" అంటారు. (అందరూ కాదు. బాగోలేదని తామే మళ్లీ తీసి పంపే డాక్టర్లూ ఉన్నారు.)

లాగించేస్తే అంచు దగ్గర సందు మిగిలిపోతుంది. సిమెంటు కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది, మెల్లగా అది కరిగాక లోపలికి పాచి చేరి పుచ్చు మొదలవుతుంది. రూట్ కెనాల్ చేసిన పన్నైతే, నరం ఎప్పుడో తీసేశారు కాబట్టి నొప్పి కూడా తెలీదు! నోటి వాసన పట్టుకున్నప్పుడో, క్యాప్‌తో పాటు పన్ను ముక్క చేతికొచ్చినప్పుడో తెలుస్తుంది.

అలాగని క్యాప్ మానేయమని కాదు. "నొప్పి పోయింది కదా, మళ్లీ క్యాపేటి, డబ్బులు గుంజడానికి కాపోతే" అంటుంది మా పెద్దమ్మ. దవడ పన్నుకి రూట్ కెనాల్ చేశాక చాలావరకు మిగిలేవి పలచటి గోడలే. చెరకు గెడో, మటన్ బొక్కో కొరికినప్పుడు నిలువునా చీలిందంటే ఇక పీకించుకోవడమే. ముందు పళ్లకి మాత్రం రూట్ కెనాల్ అయిన ప్రతిసారీ క్యాప్ అక్కర్లేదు, పన్ను గట్టిగా మిగిలితే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. అన్నిటికంటే ఘోరం, పెళ్లి ఫొటోల కోసం శుభ్రమైన పళ్లని అరగదీయించుకోవడం. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు బాబూ.

ఏ రకం అని అడుగుతారు. వెనక పన్నుకి మెటల్ వేయించుకుంటే పరువేం పోదు, పలచగా చేయొచ్చు కాబట్టి పన్ను తక్కువ అరుగుతుంది. నికెల్ పడనివాళ్లు మాత్రం ముందే చెప్పాలి. మెటల్ మీద సిరామిక్ వేసినదాంట్లో పైపూత పెచ్చులూడొచ్చు, కొన్నాళ్లకి చిగురు దగ్గర నల్లగీత తేలొచ్చు. జిర్కోనియా గట్టిది, నిజమే. దాన్ని మొదట అసలు సైజు కంటే ఇంచుమించు అయిదో వంతు పెద్దగా చెక్కి, దగ్గర దగ్గర 1,500 డిగ్రీల వేడిలో కాలిస్తే కుంచించుకుని సరైన కొలతకి వస్తుంది. కానీ చెడ్డ కొలత మీద చేస్తే ఎంత ఖరీదైన జిర్కోనియా అయినా చెడ్డగానే కూర్చుంటుంది.

అందుకే కుర్చీలో ఉన్నప్పుడే నోరు విప్పి అడగండి. రూట్ కెనాల్ అయ్యాక ఎక్స్‌రే చూపించమనండి. రంగు ఎంపిక అరగదీయక ముందే, కిటికీ వెలుతురులో చూడమనండి, నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి తెల్లగా కనబడుతుంది, దానికి సరిపోల్చితే తర్వాత తేడా కొడుతుంది. సిమెంటుతో అంటించక ముందు అద్దంలో చూసుకోండి. కొరికితే ఎత్తుగా తగిలితే "అలవాటైపోతుందిలే" అన్న మాట వినొద్దు, కార్బన్ పేపర్ పెట్టి సరిచేయడం చిన్న పని. మత్తు సూది వేసి ఉంటే ఆ పూట ఎత్తు తెలియకపోవచ్చు, మర్నాడు తెలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి.

డబ్బు ఇబ్బందైతే మా శ్రీకాకుళం పక్కన చాపురం దగ్గర డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో ఖర్చు సాధారణంగా తక్కువ, విద్యార్థులు చేస్తుంటే పైన ప్రొఫెసర్లు చూస్తారు. టైమ్ మాత్రం పడుతుంది, ఓపిగ్గా వెళ్లాలి.

క్యాప్ ఊడొస్తే పారేయకండి, కడిగి డబ్బాలో పెట్టి రెండు మూడు రోజుల్లోపే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. చాలాసార్లు అదే మళ్లీ అంటించొచ్చు. ఫెవిక్విక్ రాసి ఇంట్లోనే అంటించుకుంటే మాత్రం, ఆ గట్టిపడిన జిగురు గోకి తీసేసరికి అది ఇక ఆ పన్ను మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు, కొత్తది చేయించాల్సి రావచ్చు.